వినెడి హృదయము



నేటి ప్రసంగమునకు మేము హెబ్రీయుల సామెతల గ్రంథమును ఆధారముగా గైకొనుచున్నాము. బ్రహ్మోపాసకుల వేదికపై బైబిలునకు పనియేమి యని యడుగువారు నేటికిని కలరు. రాజా రామమోహనరాయలవారు 1820వ సంవత్సరమున ఏసుక్రీస్తు నీతిబోధలను ఏర్చికూర్చి గ్రంథముగా ప్రకటించినపుడు శ్రీరామపురపు క్రైస్తవ పాదిరీలే ఆయనపై కత్తి గట్టిరి. మహిమలను విడిచి నీతిని మాత్రము గైకొనుట వారికి అపరాధముగా దోచెను. రాయలవారు వాదమునకు వెనుదీయలేదు. కాని పరుల గ్రంథమును గూర్చి పలుకువాడు దాని మూలమును చదువవలెనని యెంచి హెబ్రీ, గ్రీకు భాషలను నేర్చుకొనిరి. అట్టి పురుషుడు నెలకొల్పిన సమాజమున ఈ గ్రంథమునకు చోటు లేదనుట చెల్లదు.

సామెతల గ్రంథమున మాటిమాటికి కనబడు పదము 'మూసార్'. దానికి బోధ యని యర్థము, దిద్దుబాటని యర్థము, దండన యనియు నర్థము. అనువాదకులు ఒకచోట నొకటి, వేఱొకచోట వేఱొకటి వాడి తిప్పలు పడుదురు. మన భాషకు ఆ తిప్పలు లేవు; 'శిక్ష' యను పదమొక్కటి చాలును. తైత్తిరీయోపనిషత్తున మొదటి భాగమునకు శీక్షావల్లి యని పేరు. అక్షరముల యుచ్చారణముతో మొదలిడి, చదువు ముగించి యింటికేగు శిష్యునకు ఆచార్యుడు చేయు హితబోధ దాక అందు కలదు. న్యాయస్థానములందు తిరుగు మాకు ఆ పదమే చెఱసాలను జ్ఞప్తికి దెచ్చును. 1860లో పుట్టి 2024 వఱకు మన నేరవిచారణల నేలిన చట్టమునకు శిక్షాస్మృతి యనియే పేరు గదా! బడికిని బందిఖానాకును ఒకే పదము చెల్లుట వింతగా దోచవచ్చును. దిద్దబడుట నొప్పి కలిగించునని పూర్వులెఱుగుదురు. ఆ నొప్పిని ఎవరు పడవలెను అనునదియే ప్రశ్న.

గ్రంథమును పైపైన చదువువారు, ఇది బాలురకును సోమరులకును మూఢులకును చెప్పిన నీతి యనుకొందురు. తండ్రి కుమారునితో పలుకుచున్నట్లు వ్రాయబడుటయు నీ భ్రాంతికి కారణము. మనము తండ్రి పీటమీద కూర్చుండి చదివి, కుమారుని పీట నెదుటివానికి విడుతుము. ఆ యెదుటివాడు సేద్యగాడు కావచ్చును, కూలివాడు కావచ్చును, బడి మానిన కుఱ్ఱవాడు కావచ్చును. కాని గ్రంథకర్త తలంపు వేఱు. అపహాసకుని మందలించువానికి దక్కునది అవమానమే యనియు, జ్ఞానిని మందలించినచో ఆతడు మందలించినవానిని ప్రేమించుననియు ఆయన చెప్పును. మందలింపు పనికివచ్చునది జ్ఞానికే యన్నమాట! దిద్దుబాటును ద్వేషించువానిని పశువుతో పోల్చుటకును ఆయన సంకోచింపడు. అన్నింటికన్న కఠినమైన మాట వేఱొకటి కలదు: తన దృష్టికి తానే జ్ఞానియైనవానికన్న మూర్ఖుని విషయమున నెక్కువ యాశ యున్నదట. మూర్ఖునకు తన లోటు ఏనాటికైన తెలియవచ్చును. పట్టము పుచ్చుకొని, నలుగురిచేత అయ్యా యనిపించుకొని, సభలలో ముందు వరుసను కూర్చుండువానికి దానిని తెలుపగలవా రెవరు?

వకీళ్లకు ముఖ్యముగా నచ్చవలసిన కథ యొకటి నిర్గమకాండమున నున్నది. మోషే ఉదయము మొదలు సాయంకాలము వఱకు ఒంటరిగా కూర్చుండి జనుల వ్యాజ్యములను తీర్చుచుండెను. మామయైన యిత్రో చూచి, ఇది నీకును జనులకును మంచిది కాదనెను. వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధిపతుల నేర్పఱచి చిన్న తగవులను వారికి విడువుమనెను. ఆ యిత్రో మిద్యాను దేశపు యాజకుడు, పరజాతివాడు. ధర్మశాస్త్రమును కొండమీద సాక్షాత్తు దైవమే యిచ్చినదని నమ్ము జనులు, న్యాయస్థానముల యేర్పాటును మాత్రము పరజాతివాని సలహా చొప్పున చేసికొంటిమని దాచక వ్రాసికొనిరి. మాకు ఆ గ్రంథమునందలి మహిమలన్నింటికన్న ఈ నిజాయితీ పూజ్యముగా దోచును.

సామెతలు ఎవరి పేర చెలామణి యగుచున్నవో ఆ సొలొమోను రాజును గూర్చియు నొక మాట. రాజ్యమునకు వచ్చిన క్రొత్తలో గిబియోనునందు ఆయనకు కలలో వరము కోరుకొమ్మను మాట వినబడెనట. దీర్ఘాయువు, ధనము, శత్రువుల ప్రాణములు ఇవేవియు కోరక, జనులకు న్యాయము తీర్చుటకై వివేకముగల హృదయమును కోరెనని తెలుగు బైబిలు చెప్పును. హెబ్రీ మూలమున నున్న పదముల ముక్కకు ముక్క యర్థము 'వినెడి హృదయము'. న్యాయాధిపతికి కావలసిన మొదటి గుణము పలుకుట గాక వినుట యని ఆయన యెఱిగినట్లున్నది.

ఇంత యెఱిగిన తండ్రికి రెహబామను కుమారుడు పుట్టెను. ఆయన పట్టాభిషేకమునకు షెకెమున కూడిన జనులు, మీ తండ్రి మామీద మోపిన కాడి బరువైనది, దానిని తేలికపఱచినచో సేవించెదమని మనవి చేసికొనిరి. రాజు మూడు దినములు గడువడిగెను. వృద్ధులు వినుమనిరి. తనతో పెరిగిన యువకులు మఱింత బిగింపుమనిరి. ఆయన యువకుల మాటయే వినెను. ఇక్కడ యువకులు, వృద్ధులనునది కాదు భేదము. వృద్ధులు చెప్పినది జనుల మాట, యువకులు చెప్పినది రాజు మనసులోని మాట. మనకు నచ్చిన సలహాను వినుట వినుట కాదు. ఆ పిమ్మట రాజు వెట్టిపనులపై అధికారియైన అదోరామును జనుల యొద్దకు పంపెను. వెట్టిచాకిరిని గూర్చి మొఱపెట్టుకొన్న వారికి వెట్టి యధికారినే సమాధానముగా పంపినాడన్నమాట. జనులు అతనిని రాళ్లతో కొట్టి చంపిరి. పండ్రెండు గోత్రములలో పది రాజ్యమును విడిచిపోయినవి.

ఈ కథను చదువునపుడెల్ల మాకు మన సీమయే కన్నులకు గట్టును. ఈ ఆసిఫాబాదునకు జనగామ యని పూర్వపు పేరు. ఒకప్పుడు జిల్లాకేంద్రముగానుండి, ఆ గౌరవమును పోగొట్టుకొని, 2016 అక్టోబరు 11న మరల జిల్లాకేంద్రమయ్యెను. ఆ జిల్లాకు కొమరం భీము పేరు పెట్టిరి. ఆ పేరు ఫలకముల మీదికెక్కుటకు ముందు నడచిన చరిత్ర మన మందఱము తలచుకొనదగినది. ఇరువదవ శతాబ్దపు మొదటి దశాబ్దములలో నిజాము ప్రభుత్వము అడవులకు హద్దులు వేసి తనవిగా చేసికొనెను. తరతరములుగా పోడు కొట్టుకొని బ్రదుకుచున్న గోండులు, కొలాములు తమ నేలమీదనే యాక్రమణదారులైరి. పశువులు మేసినందుకు పన్ను, కలప దెచ్చినందుకు జుల్మానా. పైనుండి వచ్చినవారికి పట్టా యన నేమో తెలియును, దస్తావేజు లుర్దూలో నుండును, గోండులకు ఆ రెండును తెలియవు. పట్టా యెఱుగనివాని పొలము యెఱిగినవాని పేర నెక్కెను. మొఱలు పోయినవి, మరలి వచ్చినవారు అటవీశాఖ జవానులును పోలీసులును. 1940వ సంవత్సరమున జోడేఘాటు కొండలలో భీమును, ఆయన యనుచరులు కొందఱును పోలీసు తుపాకులకు బలియైరి. శిక్షణ పొందవలసిన ప్రభుత్వము శిక్ష విధించినది.

అయితే రెహబాము కథకును దీనికిని ఒక భేదము కలదు. రక్తము చిందిన పిమ్మట నైనను నిజాము ప్రభుత్వము, ఈ జనులు ఇట్లేల తిరుగబడిరని యడిగెను. శాంతిని కొనుటకే యడిగినది కావచ్చును. అడుగుట మాత్రము నిజము. అడిగి తెలిసికొనుటకు దొరకినవాడు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్, 1909లో వియన్నాలో జన్మించిన మానవశాస్త్ర పండితుడు. 1939లో యుద్ధము రాగా ఆయన చేత జర్మను పాస్‌పోర్టుండుటచే ఆంగ్లేయులకు శత్రుదేశీయుడై, హైదరాబాదు రాజ్యపు హద్దులలో నుండవలసినవాడయ్యెను. ఆయనయు ఆయన భార్య బెట్టీయు, నేడు జైనూరు మండలమున నున్న మార్లవాయి గ్రామమున గోండుల నడుమ గుడిసెలో కాపురముండిరి.

ఆ గుడిసెలో ఆయన ముందుగా చేసినది బోధ కాదు. గోండి భాష నేర్చెను. ఎవరు ఎవరికి ఆడపడుచు నిత్తురు, ఏ దేవునకు ఏ వంశమువారు పూజ చేయుదురు, విత్తు చల్లుటకు ముందు ఏమి చేయుదురు, చచ్చినవానిని ఎట్లు సాగనంపుదురు అని యడుగుచు వ్రాసికొనెను. 1948లో వెలువడిన ఆదిలాబాదు రాజగోండులను గూర్చిన ఆయన గ్రంథము ఆ శిష్యత్వముయొక్క ఫలము. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్ర మేర్పడెను. కొంచెము మరాఠీ చదువను వ్రాయను వచ్చిన గోండు యువకులను తెచ్చి, వారినే పంతుళ్లుగా తీర్చిరి. దేవనాగరి లిపిలో గోండి వాచకములు అచ్చువేసిరి. బిడ్డ తన తల్లి పలుకును పుస్తకమున మొదటిసారిగా చూచెను. పట్టాలిచ్చు పనియు దానితోపాటు సాగెను. ఆయన నిజాము కొలువులోనివాడే. అందఱి కష్టములు తీఱినవని మేము చెప్పము. పండితుడు మొదట శిష్యుడైనందుననే ఆ బడులు నిలిచినవని మాత్రము చెప్పుదుము.

ఆయనకు గురువులెవరు? వారిలో ప్రధానులు అనబడు గాయకులు ముఖ్యులు. గోండుల వంశచరిత్రలు, దేవతల కథలు వారి నోటనుండును. కిక్రి యను తంత్రీవాద్యమును వాయించుచు రాత్రుల తరబడి గానము చేయుదురు. ప్రధానులను గోండులు తమకన్న తక్కువవారినిగా నెంచుదురు. పంక్తిభోజనమున దూరముగా నుంచుదురు. అయినను తన పూర్వులెవరో, తన దేవుడెట్లు పుట్టెనో తెలియవలెనన్న గోండు దొర ఆ ప్రధాను ఎదుట కూర్చుండి వినవలసినదే. కులభేదమును మేము ఖండింతుము. అది గోండులందున్నను ఖండనీయమే. కాని జ్ఞానము తక్కువవాని నోట నున్నదని యొప్పుకొని వినుట యన్న గుణము ఆ యడవి పల్లెలలో నున్నంతగా మన పట్టణములలో లేదు.

ఉపనిషత్తులనుండి ప్రమాణము కావలెనన్నచో బృహదారణ్యకమున నున్నది. శ్వేతకేతువు చదువు ముగించిన యువకుడు. పాంచాలరాజు ప్రవాహణుడు ఆతనిని అయిదు ప్రశ్న లడిగెను. ఒక్కదానికిని ఉత్తరము రాలేదు. కోపముతో ఇంటికి వచ్చి, నాకు అంతయు నేర్పితినంటివి గదా, ఆ క్షత్రియాధముడు అడిగినవి నాకేల తెలియవని తండ్రితో తగవులాడెను. తండ్రి ఉద్దాలకుడు, నాకును తెలియవు నాయనా, పోయి ఆయన యొద్ద శిష్యులమై యుందము రమ్మనెను. నీవే పొమ్మని కుమారుడనెను. తండ్రి పోయెను. పండిన వయసున బ్రాహ్మణుడు క్షత్రియుని వాకిట శిష్యుడై నిలిచెను. ఈ విద్య యింతకు పూర్వము ఏ బ్రాహ్మణుని యందును లేదని రాజు ఆయనతో చెప్పి మఱి బోధించెను. అజ్ఞానము తండ్రికొడుకు లిద్దఱికిని సమానమే. సిగ్గు మాత్రము కుమారునకు మిక్కుటము.

ఇప్పుడు మన సంగతి. గోండులకు చదువుమీద ఆసక్తి లేదని, పిల్లలు బడికి రారని, వచ్చినను పారిపోవుదురని ఈ యూరి పెద్దమనుష్యుల గోష్ఠులలో మేము తఱచుగా వినుచుందుము. మార్లవాయిలో పుట్టిన గోండి వాచకములు కాలక్రమమున బడులనుండి తొలగినవి. ఆ పిమ్మట గోండు బిడ్డకు తెలుగే బోధనాభాష యయ్యెను. ఇంటిలో ఎన్నడు విననిపలుకులో ఆఱేండ్ల బిడ్డ ఆనాడే వ్రాయవలెను, చదువవలెను, లెక్కలు చేయవలెను. మన పిల్లవానిని గోండి బడిలో కూర్చుండబెట్టినచో ఎన్ని దినములుండునో యొకమారు ఆలోచింపుడు. పంతులు రాడనుట మాత్రము గోష్ఠులలో వినబడదు. పరప్రాంతపు పంతుళ్లు అడవి బడులకు సరిగా పోవుటలేదను కారణముతోనే 2000వ సంవత్సరమున ప్రభుత్వము ఏజెన్సీలోని ఉపాధ్యాయపదవులన్నింటిని స్థానిక గిరిజనులకే యొసగుచు ఉత్తరువు చేసెను. సర్వోన్నత న్యాయస్థానము 2020లో దానిని కొట్టివేసెను. నూటికి నూరుపాళ్లు కేటాయించుట రాజ్యాంగసమ్మతము కాదను తీర్పును గూర్చి ఇచ్చట వాదింపము. అది వేఱొక వేదికకు తగినది. ఆ యుత్తరువు పుట్టుటకు కారణమైన ఖాళీ కుర్చీని మాత్రము తీర్పు నింపజాలదు. నేర్చుకొన నిష్టపడనివా రెవరో నిర్ణయించుటకు ముందు, వారి మాట యొక్కటి నేర్చుకొన్నవారు మన గోష్ఠిలో నెందఱో లెక్కించుట న్యాయము. ముప్పదియేండ్లు గోండుల నడుమ వ్యాపారము చేసియు, ఉద్యోగము చేసియు, బేరమునకు తీర్పునకు కావలసిన నాలుగు మాటలు తప్ప గోండి రానివారు మనలో కొల్లలు. గోండులో, తెలుగును మరాఠీని హిందీని సంతలోనే నేర్చి మనతో మన భాషలో మాటలాడుచున్నారు. పాఠశాలలేని విద్యార్థు లెవరు, పాఠశాల యుండియు మొద్దులెవరు?

కేస్లాపూరు నాగోబా జాతర మీకు తెలిసినదే. పుష్యమాసపు అమావాస్యనాడు మెస్రం వంశమువారు దేవునకు పూజ చేయుదురు. పిదప అధికారులు వచ్చి దర్బారు చేయుదురు. ఈ దర్బారు హైమెన్‌డార్ఫ్ కాలమున 1940లలో మొదలైనది. జోడేఘాటు తరువాత గోండులు అధికారుల యొద్దకు వచ్చుటకు భయపడుచుండగా, అధికారులే గోండుల యొద్దకు వచ్చి కష్టసుఖములు వినవలెననునది దాని యుద్దేశము. ఎనుబదియేండ్లు గడచినవి. ఆ సభ నేటికిని జరుగుచున్నది. శాలువలును ప్రసంగములును ప్రవేశించినవి. వినుటకై యేర్పడిన సభలో వేదికమీదివారే యెక్కువసేపు పలుకుట మొదలిడినచో దానికి దర్బారని కాక వేఱొక పేరు పెట్టవలసియుండును. మనలో ఆ వేదికకు పిలువబడువారు కలరు. ఈసారి క్రింద కూర్చుండి చూడుడు.

బెట్టీ 1987లో మరణింపగా మార్లవాయిలోనే సమాధి చేసిరి. భర్త 1995లో లండనున మరణించిన పిమ్మట కాలక్రమమున ఆయన చితాభస్మమును ఆమె ప్రక్కనే యుంచిరి. గోండులు అచ్చట ఏటేట వారిని తలచుకొందురు. ఇంతగా వినిన మనిషికిని వినబడనిది యొకటి మిగిలెను. గోండికి లిపి లేదని అప్పటి పండితులందఱి తలంపు. కనుకనే వాచకములకు దేవనాగరిని తెచ్చిరి. మార్లవాయికి దవ్వు కాని నార్నూరు మండలమున గుంజాల యను పల్లె కలదు. అచ్చట కొన్ని యిండ్లలో, గోండి భాషకే చెందిన లిపిలో వ్రాసిన పాతప్రతులు మూటలలో నుండెను. హైదరాబాదు విశ్వవిద్యాలయ పండితులు 2006 ప్రాంతమున వానిని చూచు వఱకు బయటివారికి ఆ సంగతి తెలియదు. గుంజాలవారు దాచిపెట్టిన రహస్యమా యన్న, కాదు. మీకు వ్రాత కలదా యని వారిని అడిగినవారు లేరు. వ్రాత లేదని మనకు ముందే తెలియును గదా! 2018లో గుంజాల గోండి లిపి యూనికోడు పట్టికలో చేరినది; ఇప్పుడు దూరవాణియంత్రముల మీదను ఆ యక్షరములను కూర్చవచ్చును. విశ్వవిద్యాలయమువారు ఆ ప్రతుల ఎదుట అక్షరమెఱుగని బాలురవలె నిలిచియుండగా, ఇది ఈ యక్షరము, ఇది ఈ గుణింతమని చదివి చెప్పినవారు ఆ పల్లె వృద్ధులు కొందఱు.